బయానా ఇచ్చే ముందు

శనివారం సాయంత్రం. మియాపూర్ దాటాక ఓ కొత్త అపార్ట్‌మెంట్‌లో, ఇంకా తలుపులు బిగించని మూడో అంతస్తు ఫ్లాట్‌లో నిలబడి ఉన్నారు మీరు. బాల్కనీలోంచి గాలి బాగా వస్తోంది. మీ అమ్మగారు పొయ్యి గట్టు ఏ దిక్కున వస్తుందో చూసుకుంటున్నారు. పిల్లవాడు అప్పుడే ఒక గదిలో దూరి ఇది నాదే అంటున్నాడు. సరిగ్గా అప్పుడే చూపించడానికి వచ్చినతను మీ పక్కకొచ్చి గొంతు తగ్గించి చెబుతాడు: "సార్, దీనికి ఇంకో పార్టీ రేపు పొద్దున్నే బయానా ఇస్తామన్నారు. మీరు ఇప్పుడు లక్ష వేస్తే మీ పేరు మీద ఆపేస్తాను."

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ లక్ష వెయ్యక ముందు చెయ్యాల్సిన పని గురించే. టోకెన్ అన్నా, అడ్వాన్స్ అన్నా, బయానా అన్నా ఒకటే. అది మీ చేతిలో ఉన్నంతసేపూ మీరు అడుగుతారు, అమ్మేవాళ్ళు జవాబు చెబుతారు. అది చెయ్యి దాటిన మరుక్షణం అదే ప్రశ్న బతిమాలుకోవడంలా మారిపోతుంది. "కాగితాలు చూపించండి" అని ముందు అడిగితే అరగంటలో వాట్సాప్‌లో వచ్చేవి, తర్వాత అడిగితే "చూద్దాం సార్, వచ్చే వారం" అవుతాయి.

మా తమ్ముడి విషయంలో దీన్ని దగ్గరుండి చూశాను. ఫ్లాట్ నచ్చింది, ధర కూడా న్యాయంగానే అనిపించింది. రెండు రోజుల్లో ఐదు లక్షలు ఇచ్చేశాడు. తర్వాత కాగితాలు ఒక అడ్వకేట్‌కి చూపిస్తే తేలిన సంగతి ఏమిటంటే, వాడు కొన్న అంతస్తు మున్సిపాలిటీ దగ్గర తాకట్టులో ఉంది. బిల్డర్‌ని అడిగితే, "అది మామూలే అన్నా, అన్ని బిల్డింగులకీ ఉంటుంది" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, ప్లాన్ ప్రకారమే కట్టాలన్న షరతుకు పూచీగా నిర్మాణంలో పదో వంతును మున్సిపాలిటీ తన పేర తాకట్టు పెట్టించుకోవడం మన దగ్గర ఉన్న పద్ధతి. కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, వచ్చాక ఆ తాకట్టు విడిపిస్తారు. కానీ ఈ బిల్డర్ ప్లాన్‌లో లేని గదులు పైన వేశాడు. అందుకని ఓసీ రాలేదు. ఓసీ రాక తాకట్టు విడవలేదు, తాకట్టు విడవక రిజిస్ట్రేషన్ కాలేదు, రిజిస్ట్రేషన్ లేనిదే బ్యాంకు డబ్బివ్వనంది. పధ్నాలుగు నెలలు తిరిగి, చివరికి ఆ ఐదు లక్షలూ నాలుగు విడతలుగా, వడ్డీ లేకుండా వెనక్కి తెచ్చుకున్నాడు. ఏ అంతస్తు తాకట్టులో ఉందో అనుమతి పత్రంలోనే రాసి ఉంది. ఆ రెండు రోజుల్లో ఒక్క పూట ఆ కాగితం ముందు కూర్చుని ఉంటే సరిపోయేది.

అందుకే ముందుగా మీకు మీరు ఒక గడువు పెట్టుకోండి. ఎంత నచ్చిన ఇల్లయినా పదిహేను రోజుల్లోపు బయానా ఇవ్వను అని ఇంట్లో అందరూ కలిసి అనుకోండి. అంత లోపల ఎవరో కొనుక్కుపోతే పోనివ్వండి. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ విశాఖలో గానీ ఇళ్ళకు కరువు లేదు. మీ దగ్గర ఉన్న ఇరవై లక్షలకే కరువు.

డబ్బు లెక్క మొదట చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే సగం లెక్క వేసుకుని బయల్దేరతారు. 70 లక్షల ఫ్లాట్, ఇంకా కడుతున్నారు అనుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే ఇంటి అప్పులో బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే 56 లక్షలు. మిగతా 14 లక్షలు మీవి. ఇంతవరకు అందరూ వేసుకునే లెక్కే. కట్టుబడిలో ఉన్న ఇంటికి జీఎస్టీ 5 శాతం, అంటే మూడున్నర లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడున్నర శాతం, అంటే ఐదుంబావు లక్షలు. బ్యాంకు విలువ కట్టేటప్పుడు ఈ రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఇంటి ధరలో కలపదు, అవి కూడా మీ జేబులోంచే రావాలి. మొత్తం 22 లక్షల 75 వేలు. కార్పస్ ఫండ్, కబోర్డులు, ఫ్యాన్లు, కరెంటు మీటరు, గృహప్రవేశం ఇంకా ఇందులో లేవు. "పధ్నాలుగు లక్షలు ఉన్నాయి కదా" అని బయానా ఇచ్చినవాళ్ళే చివర్లో బంగారం తాకట్టు పెట్టి, పర్సనల్ లోన్ తీసుకుని, రెండు కంతులు మోస్తారు. ఓసీ వచ్చేసిన ఇంటికైతే జీఎస్టీ ఉండదు. ఓసీ వచ్చిన ఇల్లు కొంచెం ఎక్కువ ధర చెప్పినా, ఈ ఐదు శాతాన్నీ, కట్టుబడిలో ఉన్నది పూర్తయ్యేదాకా మీరు కట్టే అద్దెనీ కలుపుకుని పోల్చి చూడండి.

ఆ 56 లక్షలకు వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకు సుమారు 48,600 కంతు. ఇరవై ఏళ్ళలో కట్టే వడ్డీ ఒక్కటే 60 లక్షలు దాటుతుంది. అదే పదిహేనేళ్ళకు పెట్టుకుంటే కంతు 55 వేల చిల్లర, వడ్డీ 43 లక్షల చిల్లర. నెలకు ఆరున్నర వేలు ఎక్కువ కట్టగలిగితే మొత్తం మీద 17 లక్షలు మిగులుతాయి. అంత కట్టలేకపోతే గడువు ఇరవైకే పెట్టుకుని, బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత కట్టేయండి. వ్యక్తులు ఇంటి కోసం మారే వడ్డీ మీద తీసుకున్న అప్పును ముందే తీర్చినందుకు బ్యాంకులు అదనపు రుసుము వసూలు చేయకూడదు. మారే వడ్డీ అన్నాక పెరిగే రోజు కూడా ఉంటుంది, అదీ చూసుకోవాలి. తొమ్మిదిన్నర అయితే కంతు 52 వేలు దాటుతుంది.

ఆ కంతు మీకు మొయ్యదగిన బరువేనా అని తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటుంది. ఇప్పుడు మీ అద్దె 22 వేలు అనుకోండి. ఇల్లు వెతకడం మొదలుపెట్టిన నెల నుంచే, జీతం పడిన రోజునే 26,600 తీసి వేరే ఖాతాలో వెయ్యండి. ఆరు నెలలు దాన్ని ముట్టుకోకండి. పండక్కి బట్టలు, ఊళ్ళో నాన్నగారి మందులు, స్కూలు ఫీజు, అన్నీ మిగిలినదాంట్లోనే నడవాలి. నడిస్తే కంతు మీ స్థోమతకు తగినదే. మూడో నెలలోనే ఆ ఖాతాలో చెయ్యి పెట్టాల్సి వస్తే, ఇంకో పది లక్షలు తక్కువ ధర ఇల్లు చూసుకోండి, లేదా ఇంకో రెండేళ్ళు ఆగండి. ఆగడం నామోషీ కాదు. బంధువుల్లో ఎవరో "ఇంకా అద్దె ఇల్లేనా" అన్నారని ఇరవై ఏళ్ళ అప్పు ఎత్తుకోవద్దని మాత్రం మనసారా కోరుతున్నాను.

ఇక కాగితాలు. ఈ పదిహేను రోజుల్లో ఎక్కువ పని ఇక్కడే.

"బ్యాంకు లోన్ ఇస్తోందంటే టైటిల్ క్లియర్ అన్నట్టే కదా" అనే మాట మీకు కనీసం పదిమంది చెబుతారు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు భద్రత. రేపు స్థలం మీద తగాదా వచ్చినా మీ జీతం లోంచి కంతు ఆగదు కాబట్టి బ్యాంకుకు మీ అంత నష్టం లేదు. మీ డబ్బుతో, మీకే జవాబుదారీగా ఉండే అడ్వకేట్‌ని విడిగా పెట్టుకోండి. ఆ ఫీజు 70 లక్షల కొనుగోలులో లెక్కలోకి రాదు. ఆ అడ్వకేట్ మీ మధ్యవర్తి స్నేహితుడు కాకుండా చూసుకోండి.

అడ్వకేట్ చేతికి ఇవ్వాల్సినవి ఇప్పటి సేల్ డీడ్, దానికి వెనక ఉన్న లింక్ డాక్యుమెంట్లు, కనీసం ముప్పై ఏళ్ళ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), అనుమతి పత్రం, ఆమోదం పొందిన ప్లాన్. ఈసీ మీరే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనూ 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అయితే ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీల గురించే. నోటరీ మీద రాసుకున్న ఒప్పందం అందులో కనిపించదు, అన్నదమ్ముల మధ్య నోటి మాటగా జరిగిన పంపకం కనిపించదు. అమ్మేవాళ్ళకు అది తండ్రి, తాతల నుంచి వచ్చిన ఆస్తి అయితే వారసులందరి పేర్లూ అడగండి, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది గానీ, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో మన దగ్గర అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు నుంచే ఆ హక్కు ఉంది. "మా చెల్లెళ్ళకు కట్నాలు ఇచ్చి పంపేశాం, వాళ్ళకేం సంబంధం లేదు" అని అమ్మే పెద్దమనిషి నమ్మకంగా చెబుతాడు, ఆయన అలాగే అనుకుంటూ ఉండవచ్చు కూడా. కానీ ఆ చెల్లెలి సంతకం కాగితం మీద లేకపోతే పదేళ్ళ తర్వాత కోర్టు నోటీసు వచ్చేది ఆయనకు కాదు, ఆ ఇంట్లో ఉంటున్న మీకు.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీద అమ్ముతున్నారంటే ఇంకొంచెం జాగ్రత్త. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన యాజమాన్యం రాదని, రిజిస్టరైన సేల్ డీడ్ ద్వారానే వస్తుందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఇక నోటరీ ఇళ్ళు, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితం మీదే చేతులు మారేవి. ఎంత చవకగా వచ్చినా, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళు వాటి జోలికి వెళ్ళకండి.

సర్వే నంబరు తెలుసుకుని రెండు చోట్ల తప్పక చూడండి. మొదటిది రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితా. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. రెండోది చెరువు. 2024లో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు పచారీ కొట్లో కూడా వినిపించాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణం ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ, అంటే బఫర్, వదలాలని నిర్మాణ నిబంధన. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చెరువుల పటాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పటంతో పాటు ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ముసలాయన ఒకర్ని పట్టుకుని, "తాతా, వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి?" అని అడగండి. ఆయన చేత్తో చూపించే గీతకు నేను చాలా విలువ ఇస్తాను.

ఇప్పుడు ప్రీ లాంచ్. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే హైదరాబాద్ చుట్టుపక్కల మధ్యతరగతి వాళ్ళ కష్టార్జితం పోగొట్టిన మాట ఇది. పద్ధతి ఇలా ఉంటుంది. మార్కెట్లో అడుగు ఏడు వేలుంటే, మీకు నాలుగు వేలకే ఇస్తామంటారు. షరతు, మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి. అనుమతులు "ప్రాసెస్‌లో" ఉంటాయి. రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు సంఖ్య, "రెండు నెలల్లో వచ్చేస్తుంది". ఫ్లాట్ ఇంకా లేదు కాబట్టి మీ పేర భూమిలో అవిభాజ్య వాటా, యూడీఎస్, రిజిస్టర్ చేస్తామంటారు. చేతికి రిజిస్టరైన కాగితం వస్తుంది, అందుకే ధైర్యంగా కడతారు. కానీ మీ చేతిలో ఉన్నది వందలమందితో కలిసి ఒక పొలంలో కొన్ని గజాలు. అక్కడ కట్టడానికి అనుమతి రాకపోతే ఆ గజాలు ఎక్కడివో గీత గీసి చూపించలేరు, విడిగా అమ్ముకోలేరు. మిగతా వందలమంది ఒప్పుకుంటే తప్ప ఇంకొకరితో కట్టించుకోలేరు.

చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. 500 చదరపు మీటర్ల లోపు, అంటే ఇంచుమించు 600 గజాల లోపు స్థలంలో ఎనిమిదికి మించకుండా ఫ్లాట్లు కట్టే చిన్న బిల్డర్లకు దాన్నుంచి మినహాయింపు ఉంది. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ మీ దగ్గర ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ళ నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. మొత్తం డబ్బు ముందే అడిగే ప్రీ లాంచ్‌లో వీటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని కాపాడటానికి ఉండదు. రెరా నంబరు ఇచ్చారంటే దాన్ని కరపత్రం మీద చదివి ఊరుకోకండి. మీ రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఎప్పటికి పూర్తి చేస్తామని రాసిచ్చారో, ఏ ప్లాన్‌కు అనుమతి ఉందో అక్కడ ఉంటుంది. నోటితో "దసరాకి తాళాలిస్తాం" అన్నవాళ్ళు అక్కడ ఏ తేదీ రాశారో చూస్తే మీకే అర్థమవుతుంది.

విస్తీర్ణం దగ్గర ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "కార్పెట్ ఏరియా ఎంత?" 1,500 అడుగుల ఫ్లాట్ అని చెప్పేది మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటా కలిపి. గోడల లోపల మీరు చాప వేసుకుని పడుకోగలిగే చోటు చాలాసార్లు 1,050 దగ్గర ఆగుతుంది. ధరను ఆ 1,050తో భాగించి, రెండు మూడు అపార్ట్‌మెంట్లను అలా పోల్చండి, చవకనుకున్నది చవక కాదని తేలవచ్చు. పాత ఫ్లాట్ కొనేటప్పుడు యూడీఎస్ ఎన్ని గజాలో కూడా చూడండి. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లుంటే మీకు యాభై గజాలు. భవనం పాతబడేకొద్దీ మీ ఆస్తి విలువంతా ఆ యాభై గజాల్లోకే చేరుతుంది.

ఇల్లు చూడటానికి మధ్యవర్తి లేకుండా ఇంకో మూడుసార్లు వెళ్ళండి. ఒకసారి ఉదయం తొమ్మిదింటికి, మీ ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో అక్కడి నుంచి నిజంగా ప్రయాణం చేసి చూడండి. ఒకసారి వాన పడిన రాత్రి. వీధిలో నీళ్ళు మోకాలిదాకా ఉంటే పగటిపూట కనిపించిన పూలకుండీల వల్ల ఏం లాభం? వేసవిలో కొంటున్నారా, మీ అదృష్టం, ఎందుకంటే నీటి సంగతి ఏప్రిల్, మే నెలల్లోనే బయటపడుతుంది. మూడోసారి వెళ్ళినప్పుడు వాచ్‌మన్ భార్యతో మాట్లాడండి. మంజీరా నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో, బోరు ఎండుతుందో లేదో, రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పైన నీళ్ళు కారుతున్న ఇల్లేదో, మెయింటెనెన్స్ కట్టకుండా గొడవపడే ఇల్లేదో కూడా ఆమే చెబుతుంది.

వాస్తు సంగతి. మీకు పట్టింపు ఉన్నా, పెద్దవాళ్ళ మనశ్శాంతి కోసమైనా, సిద్ధాంతిగారిని తీసుకురావడం కూడా ఈ పదిహేను రోజుల్లోనే జరగాలి. బయానా ఇచ్చాక ఆయన వచ్చి ఈశాన్యం తెగిందని చెబితే ఆ డబ్బు వదులుకోవాలి, లేదా అమ్మగారు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దిగులుతో ఉండాలి.

పాత ఇల్లు కొనేవాళ్ళకు రెండు మాటలు. అమ్మే ఆయన "రిజిస్ట్రేషన్ యాభైకే చేద్దాం, మిగతా ఇరవై క్యాష్ ఇవ్వండి" అనవచ్చు. ఒప్పుకోకండి. బ్యాంకు ఆ యాభై మీదే అప్పిస్తుంది, రేపు మీరు అమ్మేటప్పుడు మీరు కొన్న ధర యాభైగానే లెక్కకొచ్చి మీ పన్ను పెరుగుతుంది, అసలు స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడమే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రెండోది, ధర యాభై లక్షలు, అంతకుమించి ఉంటే అమ్మేవారికిచ్చే దాంట్లో ఒక శాతం మీరే మినహాయించి పన్ను శాఖకు కట్టాలి. ఆ అమ్మేవారు అమెరికాలో ఉంటే లెక్క మొత్తం మారుతుంది, మినహాయించాల్సింది చాలా ఎక్కువ. మన నగరాల్లో యజమాని డాలస్‌లో, తాళాలు మామగారి దగ్గర ఉన్న ఫ్లాట్లు ఎన్నో. మామగారు ఎంత మంచివారైనా, ఆడిటర్‌ని అడగకుండా ఒక్క రూపాయి పంపకండి. మినహాయించకపోతే పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే.

ఇవన్నీ అయ్యాక, అడ్వకేట్ సరేనన్నాక, ఇంట్లో అందరికీ నచ్చాక, అప్పుడు బయానా. చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. ఎంత తక్కువతో ఒప్పుకుంటే అంతే ఇవ్వండి. రసీదు తెల్ల కాగితం మీదైనా సరే, ఫ్లాట్ నంబరు, సర్వే నంబరు, మొత్తం ధర, అందులో పార్కింగ్ కలిసిందో లేదో, మిగతా డబ్బు ఏ తేదీకి, రిజిస్ట్రేషన్ ఏ తేదీకి అన్నవి అందులో రాయించండి. అమ్మేవాళ్ళలో ఎంతమందికి హక్కుంటే అంతమందీ సంతకం పెట్టాలి. చివర ఈ వాక్యం తప్పనిసరిగా ఉండాలి: "బ్యాంకు అప్పు మంజూరు కాకపోయినా, హక్కు పత్రాల్లో లోపం తేలినా బయానా మొత్తం పదిహేను రోజుల్లో తిరిగి ఇస్తాను." కాగితాలు సవ్యంగా ఉన్న మనిషి ఆ వాక్యం చదివి సంతకం పెడతాడు. "ఇవన్నీ ఎందుకు సార్, మన మధ్య నమ్మకం ఉండాలి" అంటే పెన్ను మూసి, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వచ్చేయండి.